అర అంగుళం చదువు

మాస్టారి కొట్లో కోటు కుట్టించుకోవాలంటే రెండు భరించాలి. ఒకటి, చేతులు చాపి కదలకుండా నిలబడటం. రెండోది, మాస్టారు పడ్డ కష్టాలు వినడం. టేపు ఛాతీ చుట్టూ పడగానే కథ మొదలయ్యేది. తన గురువు పదకొండేళ్ళపాటు తనని ఎన్ని రకాలుగా ఏడిపించాడో, కత్తెర పిడితో వేళ్ళ కణుపుల మీద ఎలా మోదేవాడో, శుభ్రంగా కోసిన గుడ్డని కూడా మొహాన కొట్టి "మళ్ళీ కొయ్యి" అని ఎలా అరిచేవాడో, పూసగుచ్చినట్టు చెప్పేవాడు. వినేవాడు మధ్యలో పారిపోదామన్నా దారి లేదు, ఒంటి నిండా గుండుసూదులు.

"ఆ దెబ్బలే సార్ నన్ను మనిషిని చేశాయి," అనేవాడు చివర్లో, సుద్దముక్క చెవి మీద పెట్టుకుంటూ. "గెలుపు ఏం నేర్పుతుంది చెప్పండి? కాలరెగరేయడం నేర్పుతుంది. ఏదైనా నేర్పితే కష్టమే నేర్పాలి."

మూల స్టూలు మీద కూర్చుని కాజాలు కుట్టే చెల్లెలు తలెత్తకుండానే, "చేతులు దించండి బాబూ, ఇవాళ్టికి అయిపోయింది," అనేది. మొగుడు పోయాక అన్న ఇంటికే వచ్చేసిన మనిషి ఆమె. ఆ కథని ఎన్ని వందలసార్లు విన్నదో ఆమెకే తెలియదు. ఎక్కడ గొంతు వణకాలో, ఎక్కడ కళ్ళు తుడుచుకోవాలో కూడా అన్న కంటే ఆమెకే బాగా తెలుసు.

మాస్టారికి ఒక్కతే కూతురు. తల్లి చిన్నప్పుడే పోతే ఈ మేనత్త చేతుల్లో, గుడ్డపేలికల మధ్య పెరిగింది. ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. వీధిలో వాళ్ళు ఆమెకి కొలతలమ్మ అని పేరు పెట్టారు. ఎందుకంటే కిటికీలోంచి చూసి, రోడ్డు మీద పోయేవాడి ఛాతీ ఎంతో, నడుమెంతో, చేతి పొడవెంతో గడగడా చెప్పేసేది. ఎవరో ఒకసారి పందెం కట్టి లోపలికొచ్చి కొలిపించుకున్నాడు. ముప్పై ఎనిమిదిన్నర అంది, టేపు కూడా ముప్పై ఎనిమిదిన్నరే అంది. జనం ముక్కున వేలేసుకున్నారు. పదహారో ఏట మొదటి కోటు కోసింది, అది వేసుకున్నవాడికి అతికినట్టు సరిపోయింది. రెండోదీ అంతే. ఇరవయ్యోదీ అంతే. ఒక్క తిట్టు తిన్నది లేదు, ఒక్క గుడ్డ పాడుచేసింది లేదు. పాటలు పాడుకుంటూ కోసేది.

ఆ పాట వినపడినప్పుడల్లా మాస్టారికి లోపల ఎక్కడో చురుక్కుమనేది. "దీనికి కష్టం తెలీదు, రేపు ఏమైపోతుందో," అని పైకి అనేవాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు బెంగ. మనం మాత్రం అసలు పేరే పెడదాం, అసూయ. కన్నకూతురి మీద అసూయపడే తండ్రి ఉంటాడా అంటారేమో. ఇదిగో, మెళ్ళో టేపు వేసుకుని నిక్షేపంలా ఉన్నాడు. తనకి పదకొండేళ్ళు రక్తం కారితే వచ్చిన విద్య ఈ పిల్లకి పాట పాడుకుంటుంటే వచ్చేసిందంటే, మరి తన రక్తమంతా ఎందుకు కారినట్టు?

అలాంటి రోజుల్లో ఊరి నడిబొడ్డునున్న పెద్ద షాపులో కటింగ్ మాస్టారి చోటు ఒకటి ఖాళీ అయింది. మూడంతస్తుల షాపు, అద్దాల తలుపులు, కోతకి విడిగా ఒక హాలు. అక్కడ కత్తెర పట్టుకోవడం అంటే మాటలు కాదు. పరీక్ష పెడతారు. ఎవరి టేపు, ఎవరి కత్తెర వాళ్ళే తెచ్చుకోవాలి. కొలతలు రాసిన కాగితం ఇస్తారు, గుడ్డ ఇస్తారు, ఒకే ఒక్కసారి కొయ్యాలి. ఏడాదికి ఒక్కసారే అవకాశం. మాస్టారు వయసులో ఉండగా మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ తిరిగొచ్చాడు. ఈ ముక్క మాత్రం ఆ కష్టాల కథలో ఎప్పుడూ వచ్చేది కాదు.

అమ్మాయి దరఖాస్తు పెట్టింది, పిలుపొచ్చింది. సోమవారం పదింటికి రమ్మన్నారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర తండ్రిని అడిగింది.

"నాన్నా, నాకొస్తుందంటావా?"

"వస్తే ఏమవుతుంది? నెత్తికెక్కుతుంది. ఒక్కసారి కూడా ఓడిపోనిదానివి, పనంటే ఏం తెలుసే నీకు?"

"తెలుసుకోవడానికని ఎవరైనా ఓడిపోతారా నాన్నా?" అని నవ్వేసింది.

మేనత్తకి ఒళ్ళు మండింది. "పిల్ల ఆశగా అడుగుతుంటే నోటెంట ఒక్క మంచిమాట రాదేం అన్నయ్యా? మీ గురువు నీకు నేర్పింది కుట్టుపని కాదు, కడుపుమంట. పని నువ్వు నేర్చుకుంది ఆయన జ్వరమొచ్చి నెల్లాళ్ళు మంచమెక్కినప్పుడు. నీ అంతట నువ్వు మొదటి కోటు కోసింది అప్పుడే కదూ? తిట్టేవాడు లేకపోతే చెయ్యి ఎంత బాగా ఆడిందో అని ఇంటికొచ్చి గంతులేశావు. నేను చూశాను."

"అప్పటిదాకా తిన్న దెబ్బలు అప్పుడు పనిచేశాయి."

"ఓహో. మరి దీనికి దెబ్బలు లేకుండానే వచ్చిందిగా? దానికేమంటావ్?"

మాస్టారు గ్లాసెత్తి గటగటా నీళ్ళు తాగి, చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి అమ్మాయి స్నానానికి వెళ్ళింది. మేనత్త లోపల మేనకోడలి బట్టలు ఇస్త్రీ చేస్తోంది. అమ్మాయి టేపు కొట్లో మేకుకి వేలాడుతోంది. మాస్టారు దాన్ని తీసుకున్నాడు. టేపు మొదట్లో చిన్న ఇత్తడి రేకు నొక్కి ఉంటుంది కదా, దాన్ని పట్టకారుతో విప్పాడు. సరిగ్గా అర అంగుళం కత్తిరించాడు. రేకుని మళ్ళీ కొసకి తొడిగి నొక్కేశాడు. రెండు నిమిషాలు పట్టలేదు. పదకొండేళ్ళ చదువు కదా, చెయ్యి ఎక్కడా తడబడలేదు. కత్తిరించిన ముక్కని కిటికీలోంచి మురిక్కాలవలోకి విసిరేశాడు.

అర అంగుళమే కదా అనుకునేరు. కోటుకి వీపు రెండు ముక్కలు, ముందు రెండు ముక్కలు. ఒక్కో ముక్కలో అర అంగుళం పోతే మొత్తం మీద రెండంగుళాలు పోతాయి. రెండంగుళాలు తగ్గిన కోటుకి బొత్తాం పడదు. కుట్లు విప్పి సర్దుదామన్నా లోపల అంత గుడ్డ మిగలదు. పైగా కొలతలు కాగితం మీదే ఇస్తారు కాబట్టి, మనిషి ఒంటి మీద పెట్టి చూసినప్పుడు టేపు మోసం బయటపడుతుందన్న భయం కూడా లేదు. ఇవన్నీ మాస్టారికి కొట్టిన పిండే. ఒక్క దెబ్బ తగలాలి దీనికి, అనుకున్నాడు. ఏడుస్తుంది, గట్టిపడుతుంది, వచ్చే ఏడు వెళ్ళి నిజంగా గెలుస్తుంది. అలా అనుకుంటుంటే గుండె తేలికపడింది కూడాను.

అమ్మాయి ఇస్త్రీ బట్టలు వేసుకుని, టేపు మెళ్ళో వేసుకుని, కత్తెర సంచిలో పెట్టుకుంది. "వెళ్ళొస్తా నాన్నా."

"జాగ్రత్తగా కొలువు," అన్నాడు. ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో ఆ మహానుభావుడికి!

ఒంటిగంటకి తిరిగొచ్చింది. వాకిట్లో చెప్పులు విడవడం కూడా మరిచిపోయి తిన్నగా కటింగ్ బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"రెండంగుళాలు తక్కువొచ్చింది," అంది. "అక్కడ కోత చూసే పెద్దాయన నా ముక్కలు నాలుగూ పక్కపక్కన పరిచి అందరి ముందూ కొలిచారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంటికెళ్ళి ఇంకా నేర్చుకో అమ్మా అన్నారు."

మేనత్త సూది కింద పెట్టేసి పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. అమ్మాయి ఏడవలేదు. తండ్రి వైపే చూస్తూ మెళ్ళోంచి టేపు తీసింది.

"గీత గీయగానే ఇరుకుగా అనిపించింది నాన్నా. కన్ను ఒప్పుకోలేదు. మూడుసార్లు టేపు పెట్టి చూశాను, సరిపోయిందనే చూపించింది. టేపులోనే ఏదో తేడా ఉందేమో. నువ్వొకసారి చూస్తావా?"

చూశారా, దేవుడు ఎంత సులువైన దారి తెచ్చి చేతిలో పెట్టాడో! అవునే, తేడా ఉంది, అని ఒక్క మాట అంటే చాలు. నేనే చేశానని కూడా చెప్పక్కర్లేదు. పాత టేపు, కొస అరిగిపోయింది, పోనీలే, అన్నా ఆ పిల్ల బతికిపోయేది. కానీ దెబ్బ తగిలీ తగలకముందే మందు రాస్తే ఇక చదువెక్కడ వస్తుంది? మాస్టారు టేపు అందుకున్నాడు. బల్ల అంచుకి మేకులు కొట్టి బిగించిన ఇత్తడి స్కేలు ఉంది. టేపు మీది ఒకటిని స్కేలు మీది ఒకటి పక్కన పెట్టి, దానికి ముందున్న కొసని బొటనవేలి కింద దాచేశాడు. అక్కడ్నుంచి టేపు లాగి పరిచాడు. రెండుకి రెండు, అయిదుకి అయిదు, పన్నెండుకి పన్నెండు, అన్నీ చక్కగా కలిశాయి.

"చూడు. వెంట్రుకవాసి తేడా లేదు."

అమ్మాయి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"టేపు మీదికి తోసేస్తే సరిపోతుందా?" అన్నాడు మాస్టారు, టేపు చుట్టచుట్టి జేబులో వేసుకుంటూ. "అనిపించిందట, కన్ను ఒప్పుకోలేదట! అది పొగరే. కన్ను గుడ్డ మీద పెట్టకుండా ఆ షాపు అద్దాల మీద పెట్టావు. అంకెలు కూడా కనపడలేదు నీకు. ఇన్నాళ్ళూ ఏదో అదృష్టం కొద్దీ గడిచిపోయింది. ఇప్పుడు మొదలుపెట్టు నేర్చుకోవడం."

"అన్నయ్యా, ఇక చాలు!" అని అరిచింది చెల్లెలు.

అమ్మాయి మాత్రం తల ఊపింది. "మూడుసార్లు చూశాను నాన్నా. మూడుసార్లూ తప్పే చదివానన్నమాట," అంది నెమ్మదిగా. మర్నాడు మాస్టారు ఆ టేపుని పేలికల మూటలో కలిపి పాతబట్టలవాడికి ఇచ్చేశాడు. మేకుకి కొత్త టేపు తగిలించాడు.

ఇక ఆయన ఎదురుచూడటం మొదలుపెట్టాడు. కష్టమనే గురువు వచ్చి కూర్చున్నాడు కదా, శిష్యురాలు ఎప్పుడు పైకి లేస్తుందా అని. మొదటి వారం అమ్మాయి ప్రతి గీతకీ అయిదుసార్లు టేపు పెట్టింది. మాస్టారు మురిసిపోయాడు, ఒద్దిక వచ్చిందని. మూడో వారానికి అయిదు కాస్తా పదైంది. గీత మీద గీత, దాని మీద ఇంకో గీత గీసి, ఏ గీత మీద కొయ్యాలో తెలియక కత్తెర పట్టుకుని నిలబడిపోయేది. ఒక లాయరుగారి గుడ్డ పాడుచేసింది. ఆ తర్వాత ఒక పెళ్ళికొడుకు గుడ్డ. కిటికీలోంచి చూపించి, "వీడి ఛాతీ ఎంతే?" అని తండ్రి కావాలని అడిగితే, "నాకేం తెలుసు నాన్నా, కొలిస్తే గానీ," అనేది. పాట ఎప్పుడో ఆగిపోయింది. ఆర్నెల్లు తిరిగేసరికి కత్తెర తండ్రి చేతికిచ్చేసి, "నేను బొత్తాలు కుడతాలే," అంది.

మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. "పడ్డదానివి లేవాలి కదే! నేను లేవలేదూ? పదకొండేళ్ళు పడ్డాను, పదకొండేళ్ళూ లేచాను!"

"నీలాంటివాళ్ళు లేస్తారు నాన్నా," అంది అమ్మాయి, సూదిలోకి దారం ఎక్కించుకుంటూ. అందులో ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగానే నమ్మి అంది.

ఏడాది తిరిగింది. ఒకరోజు పొద్దున్న పదకొండింటికి, పెద్ద షాపులో కోత చూసే ఆ పెద్దాయన స్వయంగా కొట్లోకి వచ్చాడు. మాస్టారు కంగారుగా కుర్చీ తుడిచి వేశాడు.

"పోయినేడు మీ అమ్మాయి కోసిన ముక్కలు నేను పారేయలేదండీ," అన్నాడు పెద్దాయన కూర్చుంటూ. "కత్తెర ఎక్కడా ఆగలేదు. అంచు ఎక్కడా చెదరలేదు. చేతకానివాళ్ళు ఒకచోట ఎక్కువ కోస్తారు, ఇంకోచోట తక్కువ కోస్తారు. ఈ పిల్లది నాలుగు ముక్కల్లోనూ సరిగ్గా అదే అర అంగుళం తక్కువ. అంత కచ్చితంగా తప్పు చేయడం ఎవరివల్లా కాదు. ఆ రోజు హడావుడిలో తట్టలేదు గానీ, తర్వాత ఆలోచిస్తే నాకు టేపు మీదే అనుమానం. ఆ చోటుకి వచ్చినవాడు నిలవలేదు, మళ్ళీ ఖాళీగా ఉంది. ఈసారి పరీక్ష కూడా వద్దు. మా టేపు ఇస్తాను, తిన్నగా వచ్చి చేరమనండి. శనివారం దాకా చూస్తాను."

మూల కూర్చున్న అమ్మాయి లేచి నిలబడింది. "టేపు మంచిదేనండీ," అంది మర్యాదగా. "మా నాన్న ఆ రోజే స్కేలు మీద పెట్టి చూపించారు. నేను కళ్ళారా చూశాను. తప్పు నాదే."

పెద్దాయన మాస్టారి వైపు తిరిగాడు. "మీరు చూశారా?"

పరాయి మనిషి ముందు, అందులోనూ ఆ షాపు మనిషి ముందు, నేనే కోశానని చెప్పడానికి మాస్టారికి నాలుక తిరగలేదు. "చూశాను," అన్నాడు. పెద్దాయన ఇంకాసేపు ఆయన మొహంలోకి చూసి, శనివారం అని ఇంకోసారి గుర్తుచేసి వెళ్ళిపోయాడు.

అమ్మాయి వంటింట్లోకి వెళ్ళాక చెల్లెలు స్టూలు లాక్కుని అన్న ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఆ టేపు ఏమైంది అన్నయ్యా? మర్నాడే పాతబట్టలవాడికి ఎందుకిచ్చావ్?"

మాస్టారు నేల చూపులు చూశాడు. "గట్టిపడుతుందనుకున్నానే. నేను గట్టిపడలేదూ?" అన్నాడు.

చెల్లెలు నోటిమీద చెయ్యి పెట్టుకుంది. తిట్టడానికి తిట్లు వెతుక్కుని, దొరక్క, ఏడ్చేసింది. "నువ్వు పడ్డప్పుడు నిన్ను తోసినవాడెవడో నీకు తెలుసు. వాడి మీద పళ్ళు నూరుకుంటూ లేచావు. ఈ పిచ్చిముండ ఎవరి మీద పళ్ళు నూరుకోవాలి? తనంతట తానే పడ్డాననుకుంటోంది. ఇదట్రా నువ్వు నేర్పిన చదువు!" ఏనాడూ అన్నని రా అనని మనిషి. "లే. ఇప్పుడే, ఈ క్షణమే వెళ్ళి చెప్పు దానికి."

మాస్టారికి ఇప్పుడు నిజంగానే భయం వేసింది. శనివారానికి ఇంకా మూడు రోజులుంది. నిజం చెప్పేస్తే చాలు, పిల్ల ఎగిరి గంతేస్తుంది, తనని తిడుతుంది, కొడుతుంది కూడానేమో, కొట్టనీ. కత్తెర తీసుకుని అటే వెళ్ళిపోతుంది. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చెప్పాడు. పట్టకారు సంగతి, మురిక్కాలవ సంగతి, బొటనవేలి కింద దాచిన కొస సంగతి, ఒక్కటి కూడా దాచకుండా చెప్పాడు. తనది కాని కష్టం గురించి ఆయన జీవితంలో చెప్పిన మొదటి కథ అది. చెబుతూ చెబుతూ బావురుమన్నాడు.

అమ్మాయి శ్రద్ధగా విన్నది. విని, చెయ్యి తుడుచుకుని, తండ్రి భుజం మీద వేసింది.

"నాన్నా, ఎన్నాళ్ళకి నీ నోట ఒక మంచిమాట విన్నాను," అంది. "కానీ నాకోసం ఇలాంటి అబద్ధాలు ఆడకు. నీకు రావు."

"అబద్ధం కాదే! నీ మీద ఒట్టు!"

"ఒట్లు కూడానా? పెద్దాయన టేపు టేపు అని వెళ్ళారు, నువ్వు దాన్ని పట్టుకున్నావు. కన్నతండ్రి ఎక్కడైనా అలా చేస్తాడా? ఎవరైనా వింటే నిన్నేమనుకుంటారు?"

"అత్తనడుగు!"

"నిజమే బంగారం," అంది మేనత్త వెనకనుంచి. "వీడే చేశాడు. నాకిప్పుడే చెప్పాడు."

అమ్మాయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. జాలిగా నవ్వింది. "ఇద్దరూ కూడబలుక్కున్నారన్నమాట. అత్తా, ఆ రోజు నువ్వూ పక్కనే ఉన్నావు కదా, అంకెకి అంకె కలిసింది, చూశాం కదా." తండ్రి వైపు తిరిగింది. "నువ్వెప్పుడూ అనే మాటే నిజం నాన్నా. గెలుస్తున్నన్నాళ్ళూ నా గురించి నాకేమీ తెలియలేదు. ఓడిపోయాకే తెలిసింది, నాకు పని రాదని. ఆ రోజు నువ్వు మొహమాటపడకుండా చెప్పావు కాబట్టి సరిపోయింది. లేకపోతే జన్మంతా నన్ను నేనే మోసం చేసుకుంటూ బతికేదాన్ని."

"నీకు పని వచ్చు తల్లీ! నాకంటే ఎక్కువ వచ్చు! అందుకే కదే..." అని మాస్టారు మళ్ళీ ఏడ్చేశాడు.

"సరేలే నాన్నా, ఊరుకో. ఇప్పుడు నాకేం తక్కువైంది?" అని కొంగుతో తండ్రి కళ్ళు తుడిచింది.

శనివారం వచ్చింది, వెళ్ళింది. మర్నాడు సాయంత్రం అయిదింటికి అమ్మాయి ఒక కోటు ఒళ్ళో పెట్టుకుని బొత్తాలు కుడుతోంది. ఆఖరి బొత్తాం కుట్టి, దారం కొరికి, తండ్రి ముందుకి చాపింది.

"సరిగ్గా ఉందా నాన్నా? పక్కకి పోయినట్టనిపిస్తోంది."

మాస్టారు కోటు అందుకుని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. కిందికీ పైకీ చూశాడు. ఇసుమంత కూడా తేడా లేదు.

"సరిగ్గా ఉందమ్మా," అన్నాడు. "నామాట నమ్ము. చాలా సరిగ్గా ఉంది."

"నువ్వు ఈమధ్య అన్నీ బాగున్నాయనే అంటున్నావు," అంది. కోటు వెనక్కి తీసుకుని, బ్లేడుతో ఆ బొత్తాం ఊడదీసి, మళ్ళీ కొలవడం మొదలుపెట్టింది.